వకాలా, వకీలు, వాకిలి

మా రూమ్ కాకను ఆయన సొంత ఇంటి ముందే పారతో కొట్టి చంపారు. కబురు వచ్చినప్పుడు నేను మస్కట్ పక్కన అల్ అమెరాత్‌లో ఒక విల్లా స్లాబు మీద కడ్డీలు కడుతున్నాను. ఫోన్ చేసింది మెట్‌పల్లి నుంచి మా ఆవిడ. "కాకను కొట్టిండ్రు. దవాఖానకు తీస్కపోంగనే పానం పోయింది" అని చెప్పి ఏడవడం మొదలుపెట్టింది. నేను ఏడవలేదు. పక్కనున్న ఇనుప బకెట్‌ను ఒక్క తన్ను తన్నాను. అది దొర్లుకుంటూ పోయి స్లాబు అంచు మీద ఆగింది. కింద పనిచేసే బెంగాలీలు తలెత్తి నన్ను నానా తిట్లూ తిట్టారు. వాళ్ళు తిట్టడం న్యాయమే.

కాక మాకు చుట్టం కాదు. రూమ్‌లో అందరికన్నా పెద్దవాడు, మేస్త్రి, మా మెట్‌పల్లివాడే. పోయినవాళ్ళ గురించి మంచి మాటలే చెప్పాలంటారు. కాక గురించి అట్లా రాస్తే అబద్ధమవుతుంది. ఆయనకు చెయ్యి ముందు, నోరు తర్వాత. పప్పులో ఉప్పు ఎక్కువైతే వంట డ్యూటీవాడి మీదికి గరిటె విసిరేవాడు. గోడ వంకరగా లేపితే దాన్ని అక్కడికక్కడే కూలదోసి, లేపినవాడి వీపు విమానం మోత మోగించేవాడు. ఒకసారి పాటలు గట్టిగా పెట్టాడని ఒక పాకిస్తానీ డ్రైవర్‌తో కలబడి, తన పన్నే ఊడగొట్టించుకున్నాడు. దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసి, "గిది ఎట్లనన్న ఊగుతనే ఉండె" అన్నాడు. మర్నాడు ఆ డ్రైవరే కరక్ చాయ్ తెచ్చి ఇచ్చాడు. అప్పట్లో కాక ఉల్లిగడ్డను కత్తితో కోసేవాడు కాదు. పీట మీద పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దేవాడు. ఉల్లిగడ్డ పగిలేది, మంచాల మీద మేం ఉలిక్కిపడేవాళ్ళం.

గుద్దేది కుడిచేత్తోనే. ఎడమచెయ్యి భుజం దాటి లేచేది కాదు. ఆ చెయ్యి ఎట్లా విరిగిందో రూమ్‌లోకి కొత్తగా వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఇల్లు కొంటానని ఎవరి నోటనైనా మాట వస్తే పాతవాళ్ళకు కూడా మళ్ళీ చెప్పేవాడు.

ఆయనకు మెట్‌పల్లిలో ఒక ఇల్లు ఉండేది. ఇక్కడ రెక్కలు ముక్కలు చేసుకుని కట్టుకున్నది. పక్కింటివాడు గోడ జరిపాడని తగాదా వచ్చింది. కాక బామ్మర్ది ఫోన్ చేసి, "బావా, వకీలును నేనే మాట్లాడిన. కాయిదం పంపుత. గా వకాలా మీద సంతకం వెట్టి పంపు, కేసు సంగతి మేం చూసుకుంటం" అన్నాడు. మావైపు కేసు వాదించమని వకీలుకు రాసిచ్చేదాన్ని వకాల్తా అంటారు. ఇక్కడ వకాలా అంటే వేరు. నీ బదులు అమ్మడానికి, కొనడానికి, దేనికైనా ఇంకొకడికి అధికారం రాసివ్వడం. ఏళ్ళ తరబడి ఈ దేశంలో ఉండి కూడా కాక ఆ రెండు మాటలూ ఒకటే అనుకున్నాడు. బామ్మర్ది అనుకోలేదు. వాడూ కొన్నాళ్ళు మస్కట్‌లో పనిచేసి వాపస్ పోయినవాడే. సంతకం పెట్టేచోట, ఎంబసీ కౌంటర్‌లో ఆఫీసర్, ఎందుకు ఇస్తున్నావో తెలుసా అని అడిగాడట. "నాకెందుకు తెల్వది సార్, వకీలుకు ఇచ్చేదే కద" అని నవ్వుతూ పెట్టాడట మా కాక.

కాయితం ఊరు చేరగానే బామ్మర్ది ఆ ఇంటిని తన భార్య పేర రిజిస్ట్రీ చేయించాడు. ఇంట్లో ఉన్న చిన్నమ్మను, అంటే కాక భార్యను, తన సొంత అక్కను, గిన్నెలతో సహా రోడ్డు మీదికి నెట్టాడు. కాక సెలవు పెట్టి వెళ్ళి, ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా గడ్డపార తీసుకుని తలుపు మీద పడ్డాడు. సగం తలుపు చీలేదాకా లోపలివాళ్ళు బయటికి రాలేదు. వచ్చినప్పుడు బామ్మర్ది, వాడి కొడుకు కట్టెలతో వచ్చారు. చెయ్యి రెండుచోట్ల విరిగింది. కేసు మాత్రం కాక మీదే అయింది. కాయితాల లెక్కన ఇల్లు వాళ్ళది, గడ్డపార పట్టుకొచ్చిన దొంగ ఈయన. చిన్నమ్మ కిరాయి గదిలో చేరింది. కాక విరిగిన చేత్తో మళ్ళీ విమానం ఎక్కాడు.

"వకాలా ఇస్తే వాకిలి పోతది. మంచి వకీలును వెట్టుకుంటే వాకిలి ఉంటది." కొత్తవాళ్ళతో ఈ మాట అనిపించేవాడు. తప్పు చెబితే నెత్తి మీద మొట్టికాయ. మేం వెనక నవ్వుకునేవాళ్ళం, ముందర నవ్వే ధైర్యం ఎవరికీ లేదు.

తర్వాత నాకూ ఇల్లు కొనే బుద్ధి పుట్టింది, అదే మెట్‌పల్లిలో. అమ్మేవాడి తరఫు బ్రోకర్ ఒకడు అల్ అమెరాత్‌లోనే ఉంటాడు. ఒక శుక్రవారం మిఠాయి డబ్బాతో మా రూమ్‌కు వచ్చాడు. "అన్నా, నువ్వు ఊరికి వచ్చుడు అవసరమే లేదు. వకీలు కూడ మనోడే, అమ్మేటాయన దోస్తు. నువ్వు ఉత్తగ ఒక వకాలా ఇయ్యి, అన్నీ అయిపోతయ్" అన్నాడు. కాక పీట ముందు కూర్చుని ఉన్నాడు. ఉల్లిగడ్డ మీద పడాల్సిన పిడికిలి వాడి ముక్కు మీద పడింది. రక్తం మిఠాయి మీద చిందింది. వాడు లేచేలోపు కాక వాడి మీద కూర్చున్నాడు. మేం నలుగురం లాగితే గానీ ఊడిరాలేదు. నాకూ ఒకటి పీకాడు, "విన్నవా, వానిదే వకీలు, వానిదే వకాలా, ఇంక నీదేముందిరా అందుల?" అంటూ.

బ్రోకర్ పోలీసులను పిలుస్తానన్నాడు. ముందు మా అర్బాబ్ వచ్చాడు. ఆయన మా యజమాని, ఒమానీ పెద్దమనిషి. పోలీసు కేసైతే కాక మర్నాడే విమానం ఎక్కాలి. అర్బాబ్ ఏమైందని హిందీలో అడిగాడు. కాకకు కోపంలో ఏ భాషా రాలేదు. తన ఎడమచెయ్యి ఎత్తబోయి, అది ఎక్కడ ఆగిపోతుందో చూపించి, "వకాలా" అని ఒక్క మాట అన్నాడు. మాకు ఏళ్ళు పట్టిన కథ అర్బాబ్‌కు ఆ మాటతోనే అర్థమైంది. బ్రోకర్ వైపు తిరిగి, "ఘర్ కా వకాలా? జావ్" అన్నాడు. కాకతో మాత్రం, ఇంకోసారి చెయ్యి లేస్తే నేనే టికెట్ కొంటానని గట్టిగా చెప్పి వెళ్ళాడు.

ఆ రోజే, పిడికిలి మీద రక్తం కడుక్కోకముందే, కాక నాకు వకీలును వెతకడానికి కూర్చున్నాడు. "పెద్ద ఊరి వకీలు కాయిదం చూస్తడు. ఉన్న ఊరి వకీలు కాయిదం ఎనుక మనిషిని చూస్తడు. గా ఊరోడే గావాలె, గని అమ్మేటోని మనిషి గావద్దు" అన్నాడు. మెట్‌పల్లిలో తెలిసిన చాయ్ హోటలాయనను అడిగి నంబర్లు తీసుకున్నాడు. ప్రతివాడికీ ఒకటే ప్రశ్న: అమ్మేటోడు మీకు ఎరుకనా? మొదటాయన, "ఎరుకనే, మనోడే, బేఫికర్ ఉండు" అన్నాడు. కాక ఫోన్ కట్ చేశాడు. ఇంకొకాయన, "ఎవలైతే ఏంది, కాయితాలు పంపుండ్రి" అన్నాడు. అదీ కట్. తర్వాత ఎత్తింది ఒక వకీలమ్మ.

"ఎందుకెరుక లేదు?" అంది ఆమె. "వాళ్ళ నాయిన పోయినంక ఇల్లు పంచుకోలేదు. ఒక అక్క బొంబాయి పక్క భీవండిల ఉంటది. ఆమె సంతకం వెడుతదా?"

"మాకెట్ల తెలుస్తది మేడం?" అన్నాడు కాక.

"తెల్వకుంటె కొంటమని ఎట్ల ఎగవడ్డరయ్యా? వంకాయలు కొన్నా పుచ్చు చూస్తరు కద. ఇల్లు కొనేటోళ్ళు మీరేనా?"

కాక ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, ముఖమంతా నవ్వుతో నావైపు తిరిగాడు. "తిడుతున్నదిరా. ఈమెనే వెట్టుకో."

పెట్టుకున్నాను. ఆమె ఇంటికి స్వయంగా వెళ్ళింది, పక్కింటివాళ్ళను అడిగింది, భీవండి అక్కతో మాట్లాడింది. ఆ అక్కకు ఇల్లు అమ్ముతున్నట్టే తెలియదు. అమ్మేవాడి మనుషులు వకీలమ్మ ఆఫీసు మీద రాళ్ళు వేశారు. అద్దం పగిలి ఆమె నుదుటి మీద కుట్లు పడ్డాయి. నేను భయపడి, వద్దులెండి మేడం, వదిలేద్దాం అన్నాను. "రాళ్ళు నాకు తాకినయ్, నీకెందుకు భయం?" అంది. రాళ్ళు వేసినవాళ్ళ మీద కేసు పెట్టింది. చివరికి అక్క వచ్చి తన వాటా తాను తీసుకుని సంతకం పెట్టింది. ఇవాళ మా ఆవిడ ఏ గొడవా లేకుండా ఆ ఇంట్లో ఉంటున్నదంటే అది కాక పిడికిలి పెట్టిన భిక్ష. ఈ మాట ఆయన ఉండగా ఆయనతో చెప్పలేదు. చెబితే సిగ్గుపడి కొట్టేవాడు.

నా ఇల్లు అయ్యాక కాక తన ఇంటి కేసు కూడా ఆమెకే ఇచ్చాడు. ఆమె ఒప్పుకుంది, కానీ ఒక షరతు పెట్టింది. "నువ్వు చెయ్యి లేపితే కేసు నీ మీదికే తిరుగుతది. తీర్పు వచ్చి ఇల్లు చేతికి వచ్చేదాక ఎవ్వల మీద చెయ్యి లేపనని ఒట్టు వెయ్యి. లేకుంటె వేరే వకీలును చూసుకో." కాక చిన్నమ్మ మీద ఒట్టు వేశాడు.

ఆ ఒట్టు నిలవదని మేం పందెం వేసుకున్నాం. ఓడిపోయాం. కోపం వస్తే బయటికి వెళ్ళి సామాను కంటైనర్ గోడను గుద్దేవాడు. మనుషులను ముట్టలేదు. చివరికి ఉల్లిగడ్డను కూడా కత్తితోనే కోయడం మొదలుపెట్టాడు. ఆ గుద్దు వినబడక రూమ్ బోసిపోయింది.

కేసు ఏళ్ళు నడిచింది. కాక గెలిచాడు. రిజిస్ట్రీ చెల్లదని, ఇల్లు అప్పజెప్పాలని తీర్పు వచ్చింది. పని మానేసి ఊరికి పోయాడు. కోర్టు మనుషులతో ఇల్లు తీసుకోవడానికి వెళ్ళిన రోజు మా ఆవిడ కూడా అక్కడే ఉంది. బామ్మర్ది కొడుకు తిడుతూ పార ఎత్తుకొచ్చాడట. కాక పక్కకు జరగగలడు. పార లాక్కోగలడు, ఆ కుడిచేతిలో ఇంకా అంత బలం ఉంది. కానీ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, "కొట్టుర కొట్టు, నేను మాత్రం చెయ్యి లేప" అన్నాడట. మొదటి దెబ్బ భుజం మీద పడింది. చేతులు విప్పలేదు. రెండోది తల మీద పడింది.

ఆ సాయంత్రం వకీలమ్మ నాకు ఫోన్ చేసింది. ఎప్పుడూ తిట్టే మనిషి ఆ రోజు తిట్టలేదు. "నేనే కట్టేసినయ్యా ఆయన చేతులు" అంది. కాదని చెప్పాలని చాలా ప్రయత్నించాను. కానీ నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆమె మీద కూడా కోపం వచ్చింది. చట్టం అనేదాని మీద, మెట్‌పల్లి మీద, మస్కట్ మీద, అన్నిటి మీదా వచ్చింది.

మిగతాది మా ఆవిడ పంపిన వీడియోల్లో చూశాం. రూమ్ అంతా ఒక ఫోన్ చుట్టూ చేరింది. మావైపు కిరాయి ఇంట్లో శవాన్ని పెట్టనివ్వరు. చిన్నమ్మ గది యజమాని దవాఖాన దగ్గరికే వచ్చి, అమ్మా మా ఇంటికి తేవద్దని దండం పెట్టాడట. అంబులెన్స్ ఎటు పోవాలని డ్రైవర్ అడిగితే చిన్నమ్మ, "మా ఇంటికి" అంది. ఆ ఇంటికి తాళం వేసి ఉంది. బామ్మర్ది భార్య వేసుకుని పోయింది. కోర్టువాళ్ళు మళ్ళీ వచ్చేదాకా ఆగమన్నాడు పోలీసాయన. వకీలమ్మ, "నేనేం చెప్పినా తప్పయితది" అని తలుపు వైపు చూడకుండా రోడ్డు వైపు తిరిగి నిలబడింది. చిన్నమ్మ పక్కింట్లోకి పోయి రోకలి తెచ్చింది. బక్కపలచటి మనిషి. తలుపు గొళ్ళెం మీద ఆపకుండా కొట్టింది. గొళ్ళెం కర్రతో సహా ఊడి పడింది. కాకను ఆయన వాకిట్లో పడుకోబెట్టారు.

కాసేపటికి బామ్మర్ది వచ్చాడు. కొడుకు పోలీస్ స్టేషన్‌లో ఉన్నా వచ్చాడు. మొగుడు పోయిన ఆడబిడ్డకు తల్లిగారు, అంటే పుట్టింటివాళ్ళు, చీర పెట్టాలి, ఎంత పగ ఉన్నా అది ఆగకూడదు. రెండు చేతుల మీద చీర పట్టుకుని వాకిలి అంచున నిలబడి, "అక్కా, తల్లిగారి చీర" అన్నాడు. చిన్నమ్మ రోకలితోనే లేచింది. ఇక చంపేస్తుందనే అనుకున్నాం. మా రూమ్‌లో ఒకడు "ఎయ్యి చిన్నమ్మా" అన్నాడు కూడా. బామ్మర్ది కళ్ళు మూసుకున్నాడు. ఆమె రోకలి మొనతో చీరను వాడి చేతుల మీదినుంచి ఎత్తి, ఇంటి ముందరి మోరీలో వేసి, మునిగేదాకా పొడిచింది. మడతలు విప్పుకుంటూ చీర నల్లటి నీళ్ళలో పక్కిళ్ళ దాకా పోయింది. చిన్నమ్మ తిరిగి వచ్చి కాక తల దగ్గర కూర్చుంది. వాడు మాత్రం కళ్ళు తెరవకుండా, ఖాళీ చేతులు అట్లాగే చాపుకుని నిలబడి ఉన్నాడు.