గట్టిగా చదివిన నంబరు

శరణమ్మ దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. ఎవరి ఫోన్‌కి ఓటీపీ వచ్చినా ఆమె దాన్ని గట్టిగా, బయట బల్ల మీద కూర్చున్నవాళ్లకు కూడా వినిపించేలా చదివేది. ఒక్కొక్క అంకే పలికి, తర్వాతే కంప్యూటర్లో కొట్టేది. జహీరాబాద్ తహసీల్ ఆఫీసు ఎదురుగా పదకొండేళ్లు ఆన్‌లైన్ దరఖాస్తులు చేసిపెట్టి ఆమె నేర్చుకున్న నీతి అది. వచ్చేవాళ్లలో సగం మందికి చదువు రాదు. తమ ఫోన్ చేతిలోకి తీసుకుని మనసులో చదువుకునే మనిషిని వాళ్లెందుకు నమ్మాలి?

"చాటుంగ సదివితే దొంగతనం, గట్టిగ సదివితే పని" అనేది శరణమ్మ. ఆ మాట మీదే పేరొచ్చింది. రాయికోడ్ నుంచి, మొగుడంపల్లి నుంచి జనం మరో నాలుగు దుకాణాలు దాటుకుని ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు.

ఆమెకు ఇంకో ధీమా యాంటీవైరస్. ఏటేటా డబ్బు కట్టి వేయించేది. పొద్దున్నే కంప్యూటర్‌కు అగరుబత్తి తిప్పి, తెర మూలనున్న పచ్చటి టిక్కు చూసి, "ఇగ ఫికర్ లేదు" అనుకుని పనిలో పడేది. ఆ టిక్కు దేనికి కాపలా, దేనికి కాదు అన్నది అమ్మినవాడు చెప్పలేదు, ఈమె అడగలేదు.

మొన్న వానాకాలంలో ఒక మంగళవారం రాయికోడ్ వైపు నుంచి హనుమమ్మ వచ్చింది. పాత గిరాకీ. ఆమె భర్త రామ్‌కిషన్ పొలం గట్టు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుని మంచంలో ఉన్నాడు. సోమవారం హైదరాబాద్‌లో ఆపరేషన్. అల్లం అమ్మిన లక్షా ఎనభై వేలు అందుకోసమే బ్యాంకులో దాచి ఉంచారు. ఈలోగా ఆయన పేర పింఛనుకు దరఖాస్తు పెడదామని ఆమె బస్సెక్కింది.

"నంబర్ వస్తది పెద్దమ్మా, ఫోన్ ఈడ పెట్టు," అంది శరణమ్మ.

రామ్‌కిషన్ ఫోటో సైజు ఎక్కువై ఫారం తీసుకోలేదు. తగ్గించడానికి ఆమె ఏదో సైటు తెరిచింది. అంతే, తెరంతా ఎర్రబడి కూత మొదలైంది. కంప్యూటర్‌లో వైరస్ దూరిందని, ఆపితే అన్నీ పోతాయని, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయమని రాసి ఉంది. పదకొండేళ్ల కాగితాలు అందులోనే ఉన్నాయి. శరణమ్మ తన ఫోన్ నుంచి ఆ నంబరుకు చేసి, స్పీకర్‌లో పెట్టి, బల్ల మీద ఉంచింది.

"భయపడకండి మేడమ్. నేను కంపెనీ ఇంజనీర్‌ని. మీ కంప్యూటర్‌ని నేను చూసుకుంటాను."

ఆ ఊళ్లో ఆమెను అక్కా అన్నవాళ్లే గాని మేడమ్ అన్నవాళ్లు లేరు. ఆ ఒక్క పిలుపుకే సగం భయం తగ్గింది పిచ్చితల్లికి. "సార్, మా పెద్దమ్మ పింఛన్ ఫారం నడుమల ఆగింది. ఆమె ఫోన్‌కి నంబర్ రావాలె," అని అడగకుండానే అంతా చెప్పేసింది.

"ఫారం ఎక్కడికీ పోదు మేడమ్. నంబరు దానంతటదే వస్తుంది. రాగానే వేయండి."

వాడు ఒక చిన్న ప్రోగ్రామ్ దించుకోమన్నాడు. అనుమతించాలా అని కంప్యూటర్ అడిగితే ఆమె అవునని నొక్కింది. యాంటీవైరస్ కిక్కురుమనలేదు. ఎందుకంటుంది? అది వైరస్ కాదాయె, దూరాన కూర్చుని కంప్యూటర్లు బాగుచేసేవాళ్లు రోజూ వాడే మామూలు సరుకే. ఇంటావిడే చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చిన మనిషిని చూసి కుక్క మొరుగుతుందా?

తెర నల్లబడింది. స్కానింగ్ జరుగుతోంది, ముట్టుకోవద్దన్నాడు వాడు. ఆ నలుపు వెనక వాడు కంప్యూటరంతా వెతికాడని తర్వాత తెలిసింది. ముసలివాళ్లు మరిచిపోతారని వాళ్ల బ్యాంకు పాస్‌వర్డులన్నీ శరణమ్మ ఒకే ఫైల్లో రాసిపెట్టింది. దానికి 'పాస్‌వర్డులు' అనే పేరు పెట్టింది మహాతల్లి. దొంగకు తాళంచెవులిచ్చి, ఏది ఏ గదిదో చీటీ కూడా కట్టినట్టయింది.

పావుగంటకు తెర వెలిగింది. బల్ల మీది ఫోన్లో వాడు ఇంకా లైన్లోనే ఉన్నాడు. ఫారం ఉన్నచోటే ఉంది. హనుమమ్మ ఫోన్ మోగింది. రోజుకు యాభై మెసేజ్‌లు చూసే కంటికి ఆరంకెలే కనిపిస్తాయి, చుట్టూ ఉన్న మాటలు, బ్యాంకు పేరు కనిపించవు. శరణమ్మ ఎప్పటిలాగే గొంతెత్తి చదివింది. ఫారంలో కొడితే తప్పంది. ఇంకోటి వచ్చింది. అదీ చదివింది.

"రెండుసార్లొస్తదా బిడ్డా?" అని అడిగింది హనుమమ్మ.

"సర్కారు పని గద పెద్దమ్మా, ఒక్కసారికి ఎట్లయితది," అని నవ్వింది.

బల్ల మీది ఫోన్ కట్ అయింది. హనుమమ్మ ఫోన్ మళ్లీ మోగింది. శరణమ్మ చేతిలోకి తీసుకుంది. పదకొండేళ్లలో మొదటిసారి ఒకరి మెసేజ్‌ని మనసులో చదువుకుంది.

"ఏమొచ్చింది బిడ్డా? గట్టిగ సదువు," అంది హనుమమ్మ.

ఎట్లా చదువుతుంది? ఖాతాలో మిగిలినవి రెండు వందల పన్నెండు రూపాయలు.

సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసింది. బ్యాంకుకు పరుగెత్తింది. పైసలు అప్పటికే నాలుగు ఖాతాలు మారి ఎక్కడికో పోయాయి. సాయంత్రం ఇద్దరూ పోలీస్ స్టేషన్‌లో కూర్చున్నారు. ఓటీపీ ఎవరు చెప్పిన్రని అడిగాడు కానిస్టేబుల్. శరణమ్మ నోరు తెరిచేలోపే హనుమమ్మ అందుకుంది. ఆమెను కాపాడాలనే అందుకుంది.

"శరణమ్మ దొంగది గాదు సారు. ఏదీ చాటుంగ చెయ్యది. నా ముంగటనే సదివింది. గట్టిగ సదివింది. రెండుసార్లు సదివింది."

కానిస్టేబుల్ రాసుకున్నాడు: ఓటీపీ చెప్పినవారు, శరణమ్మ.

సోమవారం వచ్చింది, పోయింది. రామ్‌కిషన్ మంచం మీదే ఉన్నాడు. శరణమ్మ మెడలో గొలుసు అమ్మి ఇచ్చింది గాని అది సగానికి కూడా చాలలేదు. హనుమమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

పది రోజుల తర్వాత దుకాణం తెరిచింది. కంప్యూటర్ ఆన్ చేయగానే మూలన పచ్చటి టిక్కు, అంతా భద్రమే అన్నట్టు. అగరుబత్తి వెలిగించలేదు. చిరాగ్‌పల్లి నుంచి శివశంకర్ అనే రైతు రేషన్ కార్డు పనికి వచ్చి, ఫోన్ ఆమె చేతికిచ్చి ఎదురుగా నిలబడ్డాడు. మెసేజ్ వచ్చింది. శరణమ్మ దాన్ని మొదటి అక్షరం నుంచి చివరిదాకా రెండుసార్లు చూసింది. అది రేషన్ కార్డుదే. చదవబోయింది. బల్ల మీద ఆపేసి ఉన్న తన ఫోన్‌ని చూసి, వీధిలోకి చూసి, అంకెలు పెదవుల మీదే పలుక్కుంటూ కీబోర్డు మీద వేలు పెట్టింది.

శివశంకర్ ముందుకు వంగాడు. "ఏందక్కా, గంత మెల్లగ సదువుతున్నవ్?"

ఆమె తర్వాతి అంకె కొట్టింది. అతను చెయ్యి చాపాడు.

"నా ఫోన్ ఇటియ్యి."