వేళ్ల మీద వేసిన తప్పు

కదిరి బస్టాండు దగ్గర నాకో ఇంటర్నెట్ సెంటర్ ఉంది. వేరుశనగ పంటకు బీమా నమోదు చేసుకోవడానికి ఆ రోజే ఆఖరు. ముందు రోజు సాయంత్రం యాంటీవైరస్ కొత్త వెర్షన్ వేసుకోమంటే, అది అడిగిన ప్రతిదానికీ చదవకుండానే సరే సరే అని నొక్కి ఇంటికి పోయాను.

పొద్దున వేలిముద్ర మిషన్ ఎవరి ముద్రనూ తీసుకోలేదు. మా దగ్గర ఇలాంటప్పుడు తప్పెప్పుడూ వేళ్లదే. కాయలు ఒలిచి, కలుపు తీసి గీతలు అరిగిపోయాయని ఏళ్లుగా చెబుతున్నాను. సబ్బుతో కడుక్కోమన్నాను, తుడుచుకోమన్నాను, ఊదమన్నాను. వరసలో ముందున్నాయనకైతే పెద్ద డాక్టరులాగా తేల్చి చెప్పాను.

"నీ వేళ్లు పోయినాయన్నా. ఇంక పడవు."

ఆయన వెళ్లిపోయాడు. ఆయన వెనక గోరంట్ల వైపు నుంచి మొదటి బస్సుకు వచ్చిన అవ్వ ఉంది. మూడుసార్లు చేతులు కడిగించాను. నాలుగోసారి ఆమె కదల్లేదు.

"పోయిన నెల ఈడనే పడె గదప్పా. నెలకే అరిగిపోయెనా? ఏదీ, నీ యేలు పెట్టు, సూస్తాం."

నవ్వుతూ పెట్టాను. కీబోర్డు తప్ప ఇంకేదీ ముట్టని వేలు నాది. పడలేదు.

"సబ్బు కావాల్నా?" అంది అవ్వ. వరసంతా ఘొల్లుమంది.

చెవులు కాలిపోతుండగా యాంటీవైరస్ సెట్టింగులు తెరిచాను. నేను ఏళ్లుగా సర్దుకున్న సెట్టింగుల ఫైల్‌ను కొత్త వెర్షన్ పక్కకు నెట్టి, తన ఫైల్ పెట్టుకుంది. వేలిముద్ర మిషన్‌ను అడ్డుకోవద్దని నేను రాసుకున్న లైను అందులో లేదు. తెలివిగా పాత ఫైల్‌నే తెచ్చి పెడితే, అందులోని పాత లైన్లు అర్థం కాక యాంటీవైరస్ అసలు తెరుచుకోనే లేదు. చివరికి కొత్త ఫైల్‌ను ఉంచి, ఆ ఒక్క లైనూ చేర్చి, కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. అవ్వ వేలు మొదటిసారికే పడింది.

రసీదు కొంగున ముడేసుకుని, "ముందర పంపిచ్చేస్తివే, ఆయప్పకు ఫోన్ చెయ్" అంది.

చేశాను. సాయంత్రం గడువు ముగిసేలోపు ఆయన భార్యను కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. ముద్ర పడింది, రసీదు ఇచ్చాను. అయినా లేవలేదు.

"యేళ్లు పోయినాయని ఇంట్లో చెప్తిని. యేలు పడకుంటే రేషన్ బియ్యం గూడా ఇయ్యరేమో అని ఈమె ఒకటే ఏడుపు. నువ్వే చెప్పప్పా, నా యేళ్లకు ఏం కాలేదని."

ఆమె నా వైపే చూస్తోంది. మిషన్ తప్పక్కా అనబోయాను.

"తప్పు నాదక్కా" అన్నాను.