వాన పడని ఆదివారం

భయపడటానికి జీతమిచ్చే ఉద్యోగం ఒకటుంటుందని జావా దీవిలోని సెమరాంగ్‌లో చాలామందికి వెనింగ్‌ను చూశాకే తెలిసింది. ఆమె కార్డు మీద సాంకేతిక సలహాదారు అని పెద్ద పేరే ఉంటుంది. ఆసుపత్రులు, డేటా సెంటర్లు ఆమెను పిలిపించుకుంటాయి. చేసే పని మాత్రం ఒకటే. భవనమంతా తిరిగి, కరెంటు పోతే ఏమవుతుంది, ఏసీ ఆగితే ఏమవుతుంది, జనరేటర్ మొండికేస్తే ఏమవుతుంది అని ఒక్కొక్కటే తలుచుకుని భయపడటం, ఆ భయానికి విరుగుడు చెప్పడం. అక్కడ పెద్దరికానికి ఆడవాళ్లను బు అని, మగవాళ్లను పాక్ అని పిలుస్తారు. మేస్త్రీలు ఎదురుగా ఉంటే మర్యాదగా "బు వెనింగ్" అంటారు, వెనక్కి తిరిగితే "భయం బు" అంటారు. వెనింగ్ అంటే తేటనీరని అర్థం. పేరు పెట్టినవాళ్లకు ఆమె కడుపులో ఇంత కలక ఉంటుందని ఏం తెలుసు.

ఆ భయం చదువుతో వచ్చింది కాదు. ఆమె పుట్టింది తంబక్ లోరోక్ అనే జాలరిపేటలో. అక్కడ సముద్రం పోటు మీదున్నప్పుడల్లా నీళ్లు అడక్కుండా ఇంట్లోకి వస్తాయి. నేల కుంగుతూ ఉంటుంది, జనం మట్టి పోసి ఇంటి నేలను లేపుకుంటూ ఉంటారు, లేపినకొద్దీ కప్పు నెత్తికి దగ్గరవుతుంది. వాళ్లమ్మ పొద్దున మంచం దిగే ముందు ఒక కాలు మాత్రం కిందికి దించి, నేల పొడిగా ఉందో లేదో చూసుకునేది. వెనింగ్‌కూ అదే అబ్బింది. ఇప్పుడు గుట్ట మీద, ఏ పోటూ అందని ఇంట్లో ఉంటూ కూడా ముందు ఒక కాలే దించుతుంది. మొగుడు నవ్వితే నవ్వనిస్తుంది.

మొదట్లో జకార్తాలో ఒక డేటా సెంటర్‌లో పని చేసింది. అక్కడి భయానికి ఒక హద్దుండేది. యంత్రం ఆగితే ఎవరో పెద్దమనిషి ఫోన్‌లో తిడతాడు, అంతకంటే ఏమీ కాదు. ఆసుపత్రుల పనిలోకి వచ్చాక ఆ హద్దు చెరిగిపోయింది. ఇక్కడ తీగకు అటు చివర ఒక మనిషి ఊపిరి ఉంటుంది.

పాత ఊళ్లో ఒక ఆసుపత్రి ఉంది, పేరెందుకు లెండి. దాని సర్వర్లు, బ్యాటరీలు, కరెంటు పెట్టెలు అన్నీ నేలమాళిగలో ఉండేవి. పోటు నీళ్లు గేటు దాకా వచ్చే ఊళ్లో వాటిని భూమి లోపల పెట్టిన మహానుభావుడెవరో గానీ, వాటిని పై అంతస్తుకు చేర్చేదాకా తనకు నిద్ర పట్టదని వెనింగ్ పెద్ద డాక్టరు గారికి చెప్పేసింది. ఆయన ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, తనిఖీ వాళ్లు వచ్చేలోపే అయిపోవాలన్నాడు. అంటే నట్ట నడి వానాకాలంలో. పై గదిలోకి తీగలు దించాలంటే డాబా మీద బొక్క తెరవాలి. తీగ మార్చే ఆదివారం పగలంతా అది తెరిచే ఉంటుంది.

"మీరు ఊఁ అంటే కస్మాన్ తాతను పిలుస్తాను బు," అన్నాడు మేస్త్రీ తోహిరిన్.

"వానను ఆపే ఆయననా?"

"ఆపడు. పక్కకు తోస్తాడు. పోయినేడు మా మేనకోడలి పెళ్లికి మా వీధిలో చుక్క పడలేదు. పక్క వీధి పెళ్లివాళ్లు తడిసి ముద్దయ్యారు."

"వాళ్లేం పాపం చేశారు పాక్?"

"వాళ్లు పిలవలేదుగా."

వెనింగ్ నవ్వింది, వద్దని మాత్రం అనలేదు. బొక్క మీద టార్పాలిన్ గుడారం కట్టించింది, చుట్టూ ఇటుకలు గట్టులా పేర్పించింది, వాన సూచనలు చెప్పే యాప్‌లు ఫోన్‌లో ఉన్నవన్నీ చూసింది. అవి ఒకదానితో ఒకటి పొసగలేదు. తాత వస్తే వచ్చాడులే అనుకుంది. జావాలో పెద్ద పని పెట్టుకున్నవాళ్లెవరూ ఆ మాట పైకి కాదనరు.

శనివారం సాయంత్రం ఆమె పసిపిల్లల వార్డుకు వెళ్లింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు అక్కడ యంత్రాలతో ఊపిరి తీసుకుంటున్నారు. మర్నాడు వాళ్ల కరెంటే కింది పెట్టెలోంచి పై పెట్టెకు మారాలి. ఒక గాజుపెట్టెలో అరచేయంత పిల్లాడు ఉన్నాడు. పెట్టె మీద తల్లి పేరుంది గానీ వాడి పేరు లేదు.

"పేరు పెట్టలేదా?" అని నర్సు లస్మినిని అడిగింది.

"బొడ్డు ఊడందే ఎలా పెడతారు బు? ఊడాక విందు చేసి పెడతారు."

"వీడి యంత్రంలో బ్యాటరీ ఉందా?"

"ఉంది. నాలాంటిదే, ముసలిది. మెట్లెక్కమంటే ఆయాసపడుతుంది." లస్మిని నవ్వు ఆపి, "రేపు కరెంటు పోదుగా?" అంది.

"పోదు."

"ఒట్టు వేయండి."

వెనింగ్ ఒట్టు వేయలేదు. మారుస్తున్నంతసేపూ ఇద్దరి ఫోన్లూ కలిపే ఉంచుదామంది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఆదివారం తెల్లారేసరికి సముద్రం వైపు ఆకాశం మసిబట్టిన మూకుడులా ఉంది. కస్మాన్ తాత డాబా మీద చాప పరుచుకుని, లవంగాల సిగరెట్టు కాలుస్తూ కూర్చున్నాడు. చీపురు పుల్లలకు ఎండుమిరపకాయలు, చిన్నుల్లిపాయలు గుచ్చి నాలుగు మూలలా మట్టి డబ్బాల్లో తలకిందులుగా పాతించాడు. పని చేయించే మనిషి ఇవాళ స్నానం చేయకూడదన్నాడు. తోహిరిన్ తను కూడా చేయలేదని గొప్పగా చెప్పుకున్నాడు. అది చెప్పకుండానే అందరికీ తెలుస్తోంది.

తాత ఒక తెల్లగుడ్డ మూట వెనింగ్ చేతిలో పెట్టాడు. లోపల బియ్యం, ఉప్పు, మిరపకాయలు, పూలు.

"దీన్ని నువ్వే పెట్టాలమ్మా. నీళ్లు బయటికి పోయే నోట్లో పెట్టు. పోయే దారి లేదనుకుంటే వాన రాదు."

"నాకు నమ్మకం లేదు తాతా."

"నమ్మకం అక్కర్లేదు. భయం ఉంటే చాలు. అది నీ దగ్గర బోలెడుంది."

అంతలో సముద్రం వైపు ఉరిమింది. వెనింగ్‌కు గాజుపెట్టెలోని పిల్లాడు గుర్తొచ్చాడు. మేస్త్రీలు అటు తిరిగి ఉన్నప్పుడు వెళ్లి, బొక్కకు దగ్గర్లో డాబా నీళ్లు పోయే గొట్టం మూతి వెతికి, మూట అందులో దోపింది. వదులుగానే ఉంది, చుట్టూ వేలు పట్టేంత సందుంది. నీళ్లు పోతాయిలే అనుకుంది. ఏ భవనానికి వెళ్లినా మొట్టమొదట డాబా ఎక్కి గొట్టాల మూతులు శుభ్రంగా ఉన్నాయో లేదో చూసే మనిషే ఆ పని చేసింది. ఎవరికీ చెప్పలేదు. సిగ్గేసింది.

వాన పడలేదు. మబ్బులు వచ్చి, నెత్తి మీద ఆగి, తూర్పుకు జరిగిపోయాయి. మేస్త్రీలు తాతకు తీపి టీలు మోశారు. తీగలు లాగడానికి అడ్డమని గట్టుకు ఒక పక్క ఇటుకలు తీశారు. మధ్యాహ్నానికి వార్డు కరెంటు పై గది పెట్టెకు మారింది, కింది బ్యాటరీలు విప్పేశారు. ఫోన్‌లో లస్మిని, "దీపం కూడా రెపరెపలాడలేదు బు," అంది. అందరూ అన్నం పొట్లాలు విప్పారు. వెనింగ్ విప్పలేదు. అన్నీ సవ్యంగా జరుగుతుంటే ఆమెకు ఇంకా భయమేస్తుంది.

ఇంకోసారి చూసుకుందామని పై గదికి వెళ్లింది. అక్కడ సర్వర్ల గదిలోకి ఎవరూ చెప్పులతో వెళ్లరు. గుమ్మం బయట బూట్లు విడిచి, అలవాటు చొప్పున ముందు ఒక కాలు లోపల పెట్టింది. మేజోడు తడిసింది.

బొక్క నుంచి నీళ్లు సన్నటి ధారగా తీగల వెంబడి జారి, బ్యాటరీ బీరువా వెనక్కి పోతున్నాయి. బయట ఎండ కాస్తోంది. తంబక్ లోరోక్‌లో మంచం కింద నీళ్లు చూసిన పసిపిల్లలా ఆమె ఒక్క క్షణం కొయ్యబారిపోయింది. ధార పెరిగి పెట్టెలోకి దిగితే నిప్పు అంటుకుంటుంది. కరెంటు తీసేస్తే కింద వార్డు ఆగుతుంది. వెనక్కి మళ్లించడానికి కింది బ్యాటరీలు లేవు.

"లస్మినీ, కరెంటు తీసేస్తున్నాను. పిల్లాడి దగ్గరికి వెళ్లు."

"ఉన్నాను. తీయండి."

పై పెట్టె మెయిన్ దించింది. ఫోన్‌లో అలారాలు ఒకేసారి కూశాయి. మిగతా యంత్రాలు తమ బ్యాటరీల మీద నిలబడ్డాయి. పిల్లాడి యంత్రంలోని ముసలి బ్యాటరీ కాసేపు ఆయాసపడి ఆరిపోయింది. ఆ తర్వాత లస్మిని గొంతొకటే వినిపించింది. చేత్తో ఒత్తే గాలి సంచీతో పిల్లాడికి ఊపిరి పోస్తూ, తనలో తను చెప్పుకుంటోంది: "ఒత్తు... వదులు. ఒత్తు... వదులు."

వెనింగ్ మెట్లన్నీ పరుగునే ఎక్కింది. డాబా మీద నీళ్ల ట్యాంకు పొర్లుతోంది. పంపు దానంతటదే ఆగే తీగ కింది పెట్టెకు కలిసి ఉందని పొద్దున, మూట పెట్టకముందు, తనే విప్పించింది, పొర్లినా గొట్టంలోంచి పోతుందిలే అనే ధైర్యంతో. పంపు వేసినవాడు అన్నానికి వెళ్లాడు. నీళ్లు డాబా మీద చెరువు కట్టి, ఇటుకలు తీసిన సందులోంచి బొక్కలోకి పోతున్నాయి. తోహిరిన్ నోరు తెరుచుకుని ఆకాశం వైపు చూస్తున్నాడు.

"పంపు ఆపు," అని చెప్పి ఆమె సూటిగా గొట్టం దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూలబడింది. అది ఎక్కడుందో ఆమె ఒక్కదానికే తెలుసు. మూట రాలేదు. పొద్దున వదులుగా ఉన్నదే, బియ్యం నాని, ఉబ్బి, బిరడాలా బిగుసుకుపోయింది. గుడ్డను గోళ్లతో చీల్చి, నానిన బియ్యం గుప్పిళ్లతో తోడింది. మిరపకాయల ఘాటు గోళ్ల సందుల్లోకి ఎక్కింది. జేబులోంచి ఒత్తు, వదులు అని వినిపిస్తూనే ఉంది.

ఉన్నట్టుండి ఆ గొంతు ఆగింది.

వెనింగ్ చేతులు ఆగిపోయాయి. ఆమె ఆయుష్షులో పడ్డ భయమంతా ఒక ఎత్తు, ఆ నిశ్శబ్దం ఒక ఎత్తు.

"చెయ్యి మార్చుకున్నాను బు," అంది లస్మిని. "మీ పని మీరు చూసుకోండి. ఒత్తు... వదులు."

మూటలో చివరి ముక్క ఊడి వచ్చింది. నీళ్లు గొట్టంలోకి గుడగుడమంటూ దిగాయి. గది తుడిచి, ఆరబెట్టి, పెట్టె లోపల తడి చేరలేదని చూసుకుని, మళ్లీ కరెంటు ఇచ్చేదాకా లస్మిని ఒత్తుతూనే ఉంది. పిల్లాడు బతికాడు. లస్మిని చేతులు రెండ్రోజులు చెంచా పట్టలేకపోయాయి.

ఆ సాయంత్రమే వెనింగ్, "మూట పెట్టింది నేనే," అని తోహిరిన్‌తో అంది.

అతను ఆకాశం చూపించి, "అయినా వాన పడలేదు కదా బు," అన్నాడు.

పెద్ద డాక్టరు గారికీ చెప్పింది. ఆయన కప్పులో టీ కలుపుతూ, పిల్లాడు క్షేమం కదా, కస్మాన్ తాత మనసు నొప్పించడం ఎందుకన్నాడు. తప్పు నాదండీ అని ఒక మనిషి నిలబడి చెబుతుంటే, మర్యాద కోసం ఎవరూ చెవిన పెట్టని ఊరది. వెనింగ్‌కు తిట్లు తిన్నా బాగుండేదనిపించింది. ఇంటికెళ్లి, మిరపకాయల మంటకు చేతులు కొబ్బరిపాలలో ముంచుకుని ఏడ్చింది. ఇన్నేళ్లూ ఆమె నీళ్లకు భయపడింది, నిప్పుకు భయపడింది, పాత బ్యాటరీలకు భయపడింది. భయపడ్డ మనిషి ఏం చేస్తుందోనని మాత్రం ఎన్నడూ భయపడలేదు.

పిల్లాడికి బొడ్డు ఊడాక చేసిన విందు అన్నం బుట్ట లస్మిని ఆమెకు తెచ్చి ఇచ్చింది. వెనింగ్ పిల్లాడి పేరు అడిగి తెలుసుకుంది, ఆ తర్వాతే బుట్ట విప్పింది.

ఆ తర్వాత ఒప్పుకున్న పని పక్క ఊరు దెమక్‌లో ఒక చిన్న ఆసుపత్రిది. అక్కడ ఆమె ముందుగా డాబా ఎక్కలేదు. జనరేటర్ షెడ్డు దగ్గర కాపలా ఉండే జుమాది అనే ముసలాయన పక్కన బల్ల మీద కూర్చుని, వేయించిన అరటిపళ్ల పొట్లం విప్పి ముందుకు జరిపింది.

"పాక్, ఇక్కడ మీకు దేనికి భయం?"

"నాకేం భయం బు. దేవుడున్నాడు."

"నాకు భయమేసి ఒకసారి ఒక పని చేశాను. ఒక పసివాడి ప్రాణం మీదికొచ్చింది." మూట సంగతి మొత్తం చెప్పింది. "మీరూ జాగ్రత్త కోసం ఏదైనా చేసి ఉంటే చెప్పండి. తిట్టను. ఎవరికీ చెప్పను."

జుమాది అరటిపండు ముక్కను తిరిగి పొట్లంలో పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"ఇక్కడ డీజిల్ దొంగలు ఎక్కువ బు," అన్నాడు. "పోతే నన్నే అంటారు. అందుకని ట్యాంకు నుంచి జనరేటర్‌కు వచ్చే గొట్టం కట్టేసి తాళం వేస్తాను. తనిఖీ వాళ్లొచ్చిన రోజు తీస్తాను."

"తాళంచెవి ఎక్కడుంది?"

"భద్రంగానే ఉంది. ఇంట్లో, మా ఆవిడ దగ్గర."

వెనింగ్ తల తిప్పి చూసింది. షెడ్డు వెనకే ఆపరేషన్ గది. కిటికీలో దీపం వెలుగుతోంది, లోపల ఎవరికో ఆపరేషన్ జరుగుతోంది.

"మీ ఇల్లు ఎంత దూరం పాక్?" అంటూ లేచింది. పరుగెత్తడానికి అప్పటికే ఆమె చెప్పులు చేతిలో ఉన్నాయి.