గురువారం జట్టు ఇచ్చిన దీవెన

గురువారం సాయంత్రమైతే కోకంద్‌లో మగవాళ్ళు ఇళ్ళలో దొరకరు. ఒక ఈడువాళ్ళంతా ఒక జట్టు. వారానికొకరి ఇంట్లో వంతు. పలావు, టీ, పాట, వేళాకోళం. దీన్ని గప్ అంటారు, జట్టువాళ్ళు ఒకరికొకరు జోరాలు, అంటే నేస్తాలు. ప్రతి జట్టుకీ ఒక పెద్ద ఉంటాడు. ఆలస్యంగా వస్తే జరిమానా వేస్తాడు. అసలు రాకపోతే జట్టునంతా వెంటేసుకుని ఆ మనిషి ఇంటి మీద పడతాడు. పెళ్ళాం మాట కాదన్న మగవాళ్ళు ఈ ఊళ్ళో కావలసినంత మంది ఉన్నారు. గప్ పెద్ద మాట కాదన్నవాణ్ణి మాత్రం నేను చూడలేదు.

ఎర్గష్ తన జట్టులో చేరేనాటికి అతని చేయి అప్పుడప్పుడే తిరుగుతోంది. అతనిది గంచ్ పని. గోడకు గంచ్ అనే తెల్లటి జిప్సం పూత వేసి, అది తడిగా ఉండగానే సన్నటి ఉలులతో తీగలూ పువ్వులూ నక్షత్రాలూ చెక్కాలి. ఆరితే రాయే. గురువు ఉస్తా హైదర్ సోవియట్ కాలంలో సినిమా హాళ్ళ పైకప్పుల మీద పత్తికాయలు చెక్కి బతికినవాడు. మసీదులు మళ్ళీ తెరుచుకున్నాక ఆయనకి ఊపిరి సలపనన్ని పిలుపులు వచ్చాయి. ముక్కు మీద కోపం. మెచ్చుకోవడం చేతకాదు. సాయంత్రాలు పాత బజారులోని టీ కొట్లో, తలుపులు చెక్కే ఒక వడ్రంగితోనూ రంగులు వేసే ఒక ముసలాయనతోనూ కూర్చుని, ఒక ఆకు ఏ వైపు వంగాలన్న దాని మీద టీ చల్లారిపోయేదాకా పోట్లాడేవాడు. శిష్యులిద్దరూ, ఎర్గష్, సిద్దిక్, పక్కన కూర్చుని వినాలి. సిద్దిక్ చేయి మొద్దు. ఎర్గష్‌ది అలాంటి చేయి కాదు. ఆ సంగతి ఆ కొట్లో అందరికీ తెలుసు.

ఈ పనిలో ఎవరూ తమంతట తాము ఉస్తా, అంటే గురుస్థాయి పనివాడు, కాలేరు. గురువు ఒక పని అప్పగిస్తాడు. అది నచ్చితే నలుగురు పనివాళ్ళని కూర్చోబెట్టి, శిష్యుడి నడుముకి గుడ్డ కట్టి, చేతులెత్తి దీవిస్తాడు. దాన్ని ఫాతిహా అంటారు. అది అందనివాడు ఎంత చెక్కినా ఇంకొకరి కింద కూలివాడే. ఎర్గష్‌కి బతుకులో కావలసింది అదొక్కటే.

గప్‌లో ఉన్నవాళ్ళంతా అతనితో బడిలో చదివినవాళ్ళు. పెద్ద మీర్వలీకి పెళ్ళిళ్ళ హాలు ఉంది. అతని తర్వాత చెప్పుకోవలసినవాడు మాంసం కొట్టు తుర్గున్. చెడ్డవాళ్ళు కారు. ఒకడికి జబ్బు చేస్తే అందరూ ఆసుపత్రి మెట్ల మీదే ఉండేవాళ్ళు. టీ కొట్లో ఎర్గష్ నోరు తెరిస్తే "నోర్ముయ్, విను" అనేవారు. ఇక్కడ అతను ఏమన్నా నవ్వేవారు.

"ఆ ముసలాయన నీ చేత ఇంకా ఎన్నేళ్ళు ఉలులు నూరిస్తాడ్రా?" అనేవాడు మీర్వలీ.

"నేను వారంలో గొర్రెని కోయడం నేర్చుకున్నా," అన్నాడు తుర్గున్.

"అందుకేగా మాకు ఎప్పుడూ ఎముకలే పడతాయి!" అన్నాడు ఎర్గష్. అందరూ పడీ పడీ నవ్వారు.

మొదట్లో టీ కొట్టుకి గురువారాలు మాత్రం మానేవాడు. తర్వాత మిగతా రోజులూ మానేసి జట్టువాళ్ళ దగ్గరే కూర్చునేవాడు. అక్కడికి వెళితే తిట్లు, ఇక్కడికి వస్తే నవ్వులు. మీరైనా ఎటు వెళతారు?

అయినా ఉస్తా హైదర్ అతనికే పని అప్పగించాడు. ఊరి చివర పాత మసీదు, లోపలి గోడలో అందరి చూపూ పడే నడిమి భాగం. "ఇది నువ్వు చెయ్. నేను రేపు పొద్దున వచ్చి చూస్తా," అన్నాడు. అంతకన్నా ఆయన ఏమీ అనడు. అనక్కర్లేదు. తలుపుల వడ్రంగికీ రంగుల ముసలాయనకీ అప్పటికే కబురు వెళ్ళింది.

పూత వేసింది గురువారం. మధ్యాహ్నానికి తీగలు అయిపోయాయి. నక్షత్రాలు మిగిలాయి. ఎండ వాలుతుండగా మీర్వలీ కారు వచ్చి ఆగింది. తుర్గున్ లోపలికి వచ్చాడు.

"పదరా. మన పెద్ద ఇంట్లో వంతు."

"ఇవాళ కుదరదు జోరా. ఇది ఆరిపోతుంది."

"తడిగుడ్డ కప్పు. పెళ్ళికూతురికి ముసుగేసినట్టు."

"కాదురా, నిజంగా..."

"నిజంగా రాకపోతే అందరం ఇక్కడికే వస్తాం. మసీదులో పలావు వండిస్తావా? ఒక్క గంట. పాలనాఫీసు నుంచి ఒకాయన వస్తున్నాడు, నీ గురించి మీర్వలీ చెప్పి ఉంచాడు."

ఎర్గష్ తడిగుడ్డలు కప్పి వెళ్ళాడు. పాలనాఫీసు ఆయన ఆలస్యంగా వచ్చాడు. ఆయన రానిదే పలావు మూత తీయలేదు. పలావు తినకుండా లేచినవాణ్ణి ఇల్లుగలవాడు జన్మలో క్షమించడు. తర్వాత పాట మొదలైంది. ఎర్గష్ రెండుసార్లు లేవబోతే, రెండుసార్లూ భుజం పట్టి కూర్చోబెట్టారు. ప్రేమగానే.

తెల్లవారి వెళ్ళేసరికి ఆ వేసవి గాలికి గుడ్డలు బిరుసెక్కిపోయి ఉన్నాయి. ఎండిన పూత మీదే ఉలి పెట్టాడు. ఒక నక్షత్రం మొన విరిగి పడింది. తాజా గంచ్‌లో జిగురు కలిపి అతికించాడు. దూరం నుంచి చూస్తే తెలియదు.

ఉస్తా హైదర్ దూరం నుంచి చూసే మనిషి కాదు. బొటనవేలు గోడ మీద నడిపించుకుంటూ వచ్చి ఆ మొన దగ్గర ఆగాడు.

"నిన్న ఎవరితో తిన్నావు?"

"మా జోరాలతో."

"కడుపు నిండిందా?"

ఎర్గష్ చేతిలోని ఉలిని తుడిచాడు.

"మళ్ళీ పూత వెయ్. వచ్చే నెల చూద్దాం," అన్నాడు ఉస్తా హైదర్, వెళ్ళిపోయాడు.

అది కాదనడం కాదు, వాయిదా. ఆయన తిట్టకుండా వెళ్ళాడంటే, ఆయన తీరులో అది కాస్త ఆశ కూడా. టీ కొట్టువాళ్ళని అడిగుంటే ఎర్గష్‌కి ఆ మాట చెప్పేవారు. అతను అడిగింది గప్‌లో.

"అవమానించాడ్రా నిన్ను!" అన్నాడు మీర్వలీ. "మొన విరిగితే అతికించుకోమా? మా హాల్లో సగం అతుకులే! ఆయన ఇవ్వకపోతే ఏం, ఫాతిహా మేం ఇస్తాం."

నవ్వుతూనే అన్నాడు. కానీ వచ్చే గురువారానికి హాలు తుడిపించాడు, గొర్రెని కోయించాడు, పాటగాణ్ణి పిలిపించాడు. కొత్త పట్టుగుడ్డ తెచ్చారు.

"నడుమెక్కడుందిరా నీకు, పలావు మేసి మేసి?" అంటూ తుర్గున్ రెండు చేతులూ చాచి కొలిచాడు.

మీర్వలీ ఆ గుడ్డని ఎర్గష్ నడుముకి కట్టాడు. అందరూ చేతులెత్తారు. ఎర్గష్ అప్పుడు నవ్వేసి ముడి విప్పేసి ఉంటే అది వేళాకోళంగానే పోయేది. గురువు ముందు వంచినట్టు అతను తల వంచాడు. "ఆమీన్" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

మర్నాడు మసీదు వాకిట్లో అతని ఉలులన్నీ శుభ్రంగా తుడిచి, గుడ్డలో చుట్టి ఉన్నాయి. సిద్దిక్ వాటి పక్కన నిలబడ్డాడు.

"ఉస్తా అయినవాడి పనిముట్లు తన దగ్గరెందుకన్నారు గురువుగారు," అన్నాడు సిద్దిక్ తల దించుకుని. "వెళ్ళి కాళ్ళ మీద పడన్నా. ఇవాళే వెళ్ళు."

ఎర్గష్ మీర్వలీ దగ్గరికి వెళ్ళాడు. ఆ నడిమి గోడ సిద్దిక్ చేశాడు. ఏడాదిపాటు చేశాడు, చెరిపి, పూసి, మళ్ళీ చెక్కి. అందం తక్కువేగానీ అతుకు లేదు. అతనికి నడికట్టు కట్టారు.

గప్ తనవాణ్ణి వదలలేదు, అది ఒప్పుకోవాలి. పాలనాఫీసు ఆయన మాట సాయంతో ఎర్గష్‌కి పెళ్ళిళ్ళ హాళ్ళ పని దొరికింది. రబ్బరు అచ్చుల్లో గంచ్ పోసి, ఆరాక తీసి, మరలతో గోడకి బిగించడం. ఒకే పువ్వు, ఫెర్గానాలో, మర్గిలాన్‌లో, అందిజాన్‌లో. తోటలో ద్రాక్షపందిరి, వాకిట్లో కారు వచ్చాయి. ఊరంతా అతన్ని ఉస్తా అంటుంది. పిలిచినప్పుడు ఒక్క క్షణం ఆలస్యంగా పలుకుతాడని అతని భార్య అంటుంది.

నిరుడు ఒక పెళ్ళికూతురి తండ్రి, హాలు చూసి, "ఈ పువ్వు మా వియ్యంకుడి ఊళ్ళోనూ చూశామే!" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. ఆ ఆదివారం ఎర్గష్ పెరటి గోడకి పూత వేసి, పాత ఉలులు తీశాడు. చేయి వణకలేదు, నొప్పి పుట్టలేదు. తీగ ఎటు వెళ్ళాలో దానికి తెలియలేదు, అంతే. పూత ఆరిపోయేదాకా దాని ముందు కూర్చుని లేచాడు.

తర్వాత పాత బజారు టీ కొట్టుకి వెళ్ళాడు. ఉస్తా హైదర్ బాగా ముసలివాడయ్యాడు. రంగుల ముసలాయన లేడు. సిద్దిక్, ఇద్దరు ముగ్గురు కొత్తవాళ్ళు ఉన్నారు. ఎర్గష్ గుమ్మం పక్కన, శిష్యులు కూర్చునే చోట కూర్చోబోయాడు.

"అయ్యో, అక్కడా! పైకి రండి, పైకి రండి," అంటూ ఉస్తా హైదర్ గుమ్మానికి దూరంగా, పరుపులున్న చోట జరిగి చోటిచ్చాడు. అది అతిథుల చోటు. టీ కూజా కోసం ఎర్గష్ చేయి చాచేలోపే సిద్దిక్ అందుకుని పోశాడు. ఇంట్లో అందరూ కులాసానా, పంట ఎలా ఉంది, ద్రాక్ష కాసిందా అని ఒకరి తర్వాత ఒకరు అడిగారు. పని మాట ఎవరూ ఎత్తలేదు.

"ఉస్తా," అన్నాడు ఎర్గష్ చివరికి, "నన్ను మళ్ళీ తీసుకోండి. మొదట్నుంచీ నేర్చుకుంటాను. ఉలులు నూరమన్నా నూరతాను."

ముసలాయన అతని చేతుల వంక చూశాడు.

"మీకు కట్టేశారు కదా," అన్నాడు మెల్లగా. "ఒకరు కట్టింది ఇంకొకరు విప్పే ఆచారం మాకు లేదు. టీ తీసుకోండి."

కోపం లేదు. ఎర్గష్ టీ తాగి, గుండె మీద చేయి పెట్టి సెలవు తీసుకున్నాడు. అందరూ లేచి నిలబడ్డారు.

బయట కారులో మీర్వలీ ఎదురుచూస్తున్నాడు.

"ఏమన్నాడ్రా ముసలాయన?"

"పైన కూర్చోబెట్టాడు."

"కూర్చోబెట్టడా మరి! నువ్వు ఎవరనుకున్నావు!" అని అతని భుజం చరిచి, మీర్వలీ బండి తీశాడు.