దూదక్క ఇంటి పరుపు

దూదక్క అసలు పేరు మా వీధిలో ఎవరికీ గుర్తులేదు. పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్లీ కుట్టివ్వడం ఆమె పని. సాయంత్రానికి కనుబొమలతో సహా నెరిసినట్టు కనిపించేది. నడుం నొప్పి ఎలా ఉందని అడిగితే, మొగుడైతే వదిలేసి పోయాడు గానీ అది మాత్రం నాతోనే కాపురం చేస్తోంది అనేది.

ఒక్కతే కూతురు. ఆ పిల్లకు ఉబ్బసం. పొద్దున లేస్తూనే తుమ్ములు, ఆపైన పిల్లికూతలు. నేల చలి తగులుతోందనుకుంది దూదక్క. ఇళ్లవాళ్లు వద్దన్న పాత దూదిలో మెత్తనిది ఏరి పరుపు కుట్టింది. ఆయాసం ముదిరినప్పుడల్లా ఇంకో పొర చేర్చింది. కిటికీలు బిగించి, గదిలోనే నీళ్లు కాచి ఆవిరి పట్టింది. పిల్లకు నిద్ర లేదు, తల్లికి అంతకన్నా లేదు.

చివరికి డాక్టరమ్మ చెప్పింది. పరుపుల్లో కంటికి కనిపించని పురుగులుంటాయట. అవి కుట్టవు, కరవవు. మన ఒంటినుంచి రాలే పొట్టు తింటాయి, గాలిలో చెమ్మ ఉంటే చాలు, పెరుగుతాయి. వాటి మలం దుమ్ములో కలిసి ముక్కులోకి పోతే కొందరికి పడదు. ఏ ఇంట్లోనైనా ఉంటాయని, ఇందులో ఆమె తప్పేమీ లేదని కూడా చెప్పింది.

పాముకు పాలు పోసి పెంచిందని ఎదురింటావిడ అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ పడుకునేదీ దూదక్క కుట్టిన పరుపు మీదే.

దూదక్క ఆ పరుపు తీసి పారేసింది. కిటికీలు తెరిచింది. పిల్లకు చాప వేసి, దుప్పటి వేడినీళ్లలో ఉతకడం మొదలుపెట్టింది. పనిలో ఒంటికి పట్టిన దుమ్ము కూడా చేటేనని డాక్టరమ్మ అన్నదట. అందుకే స్నానం చేసి చీర మార్చుకోనిదే కూతుర్ని తాకేది కాదు. నెలలు గడిచేకొద్దీ పిల్లికూతలు తగ్గాయి.

ఒక సాయంత్రం పని నుంచి వచ్చి గడప బయటే కూలబడింది. పిల్ల పరుగెత్తుకొచ్చింది.

"అక్కడే ఆగమ్మా. స్నానం చేసొస్తా."

అన్నదే గానీ లేవలేకపోయింది. ఆ పూట ఆమెను చూస్తే నాకు జాలేసింది. పిల్ల బిందె తీసుకుని వీధి కుళాయికి వెళ్లింది. ఆ కుళాయి దాకా ఉత్తి చేతులతో నడిచినా మధ్యలో కూర్చుండిపోయే పిల్ల. ఇప్పుడు నిండు బిందె నడుమున పెట్టుకుని, ఎక్కడా దించకుండా తెచ్చింది.

"నీళ్లు తెచ్చానమ్మా, లే. స్నానం చేసి నన్ను దగ్గరికి తీసుకో."

దూదక్క నీళ్ల వైపు చూడలేదు. పిల్ల ఛాతీనే చూస్తూ, పిల్లికూత కోసం చెవి రిక్కించి విన్నది. ఏమీ వినిపించలేదు. అప్పుడు ఏడ్చింది.