క్రాసింగు దగ్గర ఆగిన నాన్న రైలు

మొన్న సాల్ట్ లేక్‌లో మా అమ్మాయి ఇంట్లో, మనవరాలు నేలమీద పరిచిన బొమ్మ రైలు, రెండు పట్టాలు ఒకదాన్నొకటి దాటే క్రాసింగు దగ్గర టక్కున ఆగిపోయింది, పిల్ల బుంగమూతి పెట్టింది. నేను పాత చీరముక్క తెమ్మంటే మా అమ్మాయి నవ్వింది గానీ, మన ఈడువాళ్ళెవరైనా ఉంటే దీని వెనక ఏదో కథ ఉందని ఇట్టే పసిగట్టేవారు.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఈ బెంగాల్‌కి వచ్చి టికియాపారా రైల్వే యార్డులో పట్టాల పని చేసేవాడు. రిటైరయ్యే ఏడు, విశ్వకర్మ పూజకి తన గ్యాంగువాళ్ళ పందిట్లో, దేవుడి ముందు ఎనిమిది అంకెలా పట్టాలు వేసి బొమ్మ రైలు నడిపిస్తాననీ, పూజ మొదలయ్యాక దాన్నెవరూ చేత్తో తోయక్కర్లేదనీ అందరి ముందూ గొప్పగా చెప్పేశాడు. ఉద్యోగం వదిలేముందు తోటివాళ్ళు చూస్తుండగా తను వేసిన పట్టా మీద బండి ఆగకుండా పోవాలి, అంతే ఆయన కోరిక. టెలిఫోను ఆఫీసులో కొత్తగా చేరిన నేను సాయంత్రం ఇంటికొచ్చేసరికి, ఆయన బొమ్మ పట్టాలు బిగించిన చెక్క పక్కన బోర్లా పడుకుని, ఒక కన్ను మూసి పట్టాల వరస చూసుకుంటూ ఉండేవాడు.

ముందురోజు దాకా శుభ్రంగా నడిచిన బండి, పూజనాడు పొద్దున్న ఆయన క్రాసింగుకి నూనె పెట్టగానే ఆగడం మొదలెట్టింది. ఆగినప్పుడల్లా ఇంకో రెండు చుక్కలు వేశాడు. యార్డులో పట్టాలు మారే చోట ఏళ్ళ తరబడి నూనె పెట్టిన చెయ్యి మరి! బెంగాలీ మేస్త్రీ ఒకాయన సిగ్నల్ పడలేదా దాదా అని వేళాకోళమాడితే నాన్న నవ్వలేదు. అవతల పురోహితుడు వచ్చేశాడు, నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు అమ్మ పనిముట్లకి బొట్లు పెట్టడానికి పసుపు గిన్నెతో వచ్చింది. "ఇంత నూనిలో బొట్టేటి నిలుస్తాది?" అని గొణుక్కుంటూ క్రాసింగునీ బండి చక్రాలనీ కొంగుతో గట్టిగా తుడిచేసింది. నాన్న ఆశ వదులుకునే స్విచ్చి వేశాడు. బండి క్రాసింగు దాటింది, తిరిగొచ్చి మళ్ళీ దాటింది. చక్రాలకి కరెంటు అందేది పట్టాల్లోంచేననీ, ఆ నూనె జిడ్డే దానికి అడ్డు పడిందనీ అప్పటికి గానీ మాకు తట్టలేదు. ఇంతలో అమ్మ బొట్టు పెట్టబోతే, "పట్టా మీదొద్దే, నీకు దండం పెడతాను, సెక్కకి పెట్టుకో!" అని నాన్న అరిచాడు, పందిరంతా గొల్లుమంది. సాయంత్రం దాకా ఆ బండి ఆగలేదు. నాన్న ముఖం అంత వెలిగిపోవడం నేను మళ్ళీ చూడలేదు.

మొన్న కూడా నేను దుమ్ము తుడవగానే మనవరాలి రైలు హాయిగా దాటిపోయింది. ఆ పందిట్లో ఇప్పుడు బొమ్మ రైలు పెట్టేవాళ్ళు లేరు, నాన్నా లేడు, అమ్మా లేదు. పిల్ల చప్పట్లు కొడుతుంటే సంతోషమే వేసింది గానీ, ఆ బండి ఇంకొక్కసారి అక్కడ ఆగితే, గొణుక్కుంటూ అమ్మ వస్తుందేమో అనిపించింది.