దుప్పటి పాఠంలో పాలగిన్నె

మా తమ్ముణ్ణి అందరూ నత్త అంటారు. ఆ పేరు పెట్టింది నేనే కాబట్టి నాకేం బాధ లేదు. వాడు చొక్కా గుండీలు పెట్టుకోవడం మొదలుపెడితే, నేను కూర తరిగి వండి దించేసరికి సగం గుండీల దగ్గర ఉంటాడు. భార్య పోయాక నా ఇంటికే వచ్చేశాడు. నేను తిడుతుంటాను, వాడు వింటుంటాడు. అలా సుఖంగానే ఉన్నాం.

వాడి ఉద్యోగం ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే కంపెనీలో. ఏళ్ల తరబడి ఆరబెట్టే గదిలో పనిచేశాడు. ఆ గది గాలి నిండా నూలు పీచే. అది పీల్చి పీల్చి దగ్గు పట్టుకుంది. మనిషి నత్తే గానీ దగ్గు మాత్రం గుర్రం. ఆ గది మానకపోతే ఊపిరితిత్తులు దక్కవని డాక్టరు చెప్పాక, యజమాని వాణ్ణి ఆఫీసులో కూర్చోబెట్టి, పనివాళ్ల కోసం కంప్యూటర్లో పాఠాలు తయారుచెయ్యమన్నాడు. చకచకా అవ్వాల్సిన పనికి ఏరి ఏరి నత్తను పెట్టాడంటే ఆయన తెలివి ఎంతో మీరే లెక్కేసుకోండి.

ఆ సాఫ్ట్‌వేర్ చాలా సులువట. బొమ్మ పెట్టాలి, గొంతు కలపాలి, బటన్ నొక్కాలి. చెప్పిందంతా విని, పేజీలుగా విడగొట్టి, చివర ప్రశ్నలు కూడా అదే వేస్తుందట. గంటలో పాఠం చేతికొస్తుందని అమ్మినవాడు చెప్పాడు. దుప్పటి మడత పెట్టడమెలా అన్నది మొదటి పాఠం. గంట కాదు, వారాలు గడిచాయి. గురువారం తమ్ముడు ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"రేపు సాయంత్రానికి పాఠం ఇవ్వకపోతే మళ్లీ ఆరబెట్టే గదికే పొమ్మన్నాడక్కా," అని దగ్గాడు.

ఆ గది పేరు వినగానే నాకు డాక్టరు మాటే గుర్తొచ్చింది. పైకి మాత్రం, "ఇన్నాళ్లూ ఏం వెలగబెట్టావురా?" అన్నాను.

"మొదటి పేజీకి నీలం బాగుంటుందా, ఆకుపచ్చ బాగుంటుందా అని చూస్తున్నా."

"మరి గొంతు?"

"నా గొంతే పెట్టా. విన్నవాళ్లు నిద్రపోయారు."

"అయితే నేను చెప్తా."

"సరే, ఏం చెప్పాలో రాసిస్తా. చూసి చదువు."

"నువ్వు రాసేసరికి నేను పైకి పోతాను. దుప్పటి మడవడం నువ్వు నాకు నేర్పుతావురా? ఆ కొస పట్టుకో. ఫోన్ ఆన్ చెయ్యి."

మడుస్తూ మొదలుపెట్టాను. ఎలా దులపాలో, మూలకు మూల ఎలా చేర్చాలో చక్కగా చెప్పాను. కానీ రెండో కొస దగ్గర ఉన్నది వీడు కదా! "దుప్పటి మీంచి కాలు తియ్యరా మొద్దూ!" అన్నాను. రెండో మడత దగ్గర ముక్కుకు వాసన తగిలింది. "ఆగు! పొయ్యి మీద పాలు చూసి రావాలి. చూసొచ్చేదాకా రెండో మడత ముట్టుకున్నావో, చంపుతా!" అని పరిగెత్తాను. అప్పటికే పాలు పొంగి, గిన్నె అడుగంటింది.

ఆ మాటలు తీసేస్తానన్నాడు. తీసేవాడే పాపం. ఎక్కడ తియ్యాలా అని వెతుకుతుండగానే శుక్రవారం పొద్దు వాలింది. కళ్లు మూసుకుని బటన్ నొక్కేశాడు.

ఆ కంపెనీలో ఒక నియమం పెట్టారు. ప్రశ్నలన్నిటికీ సరిగ్గా జవాబిచ్చి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లే దుప్పటి ముట్టాలి. అదీ పాఠంలో ఉన్నట్టే ముట్టాలి. రెండో మడతకు ముందు ఏం చెయ్యాలి, మూలలు సరిచూడాలా, చేతులు కడగాలా, పొయ్యి మీద పాలు చూసి రావాలా అని ఆ సాఫ్ట్‌వేర్ అడిగింది. మూలలు అన్నవాళ్లంతా తప్పారు. యజమానీ తప్పాడు. మళ్లీ కూర్చుని, పాలు అని నొక్కి ప్యాసై, సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకున్నాడు.

పాలు చూసి రావాలంటే ముందు పాలుండాలి కదా. మడతల హాలు చూసుకునే సూపర్‌వైజరమ్మ వెళ్లి, "సార్, మనకు పొయ్యి లేదు," అంది.

"పాఠంలో ఉన్నది హాల్లో ఎందుకు లేదు? తెప్పించు!" అన్నాడాయన.

తెప్పించింది. ఇక జంటలు జంటలుగా ఒక మడత వెయ్యడం, దుప్పటి దించడం, వరసలో వెళ్లి గిన్నెలోకి తొంగి చూడడం, తిరిగొచ్చి రెండో మడత వెయ్యడం. ఒకడు "కాలు తియ్యరా మొద్దూ" అంటే, రెండోవాడు తియ్యడానికని కాలు పెట్టి మరీ తీస్తాడట. తమ్ముడు ఇదంతా చెప్పేసరికి కంచంలో అన్నం ఎండిపోయింది.

"ఆ పాలు మనింటివని చెప్పేశావా?" అన్నాను.

"చెబుదామనే చూస్తున్నా."

వాడు చూస్తుండగానే ఆసుపత్రి నుంచి తనిఖీకి ఆఫీసరొచ్చాడు. తమ్ముడు ఇంట్లో మరిచిపోయిన దగ్గు మందు ఇవ్వడానికి వెళ్లి ఆ వేళకు నేనూ అక్కడే ఉన్నాను.

"పేషెంట్ల దుప్పట్ల మధ్య పాలేంటయ్యా?" అని ఆఫీసరు గుడ్లురిమాడు.

"ట్రైనింగ్ సార్," అన్నాడు యజమాని, ఛాతీ విరుచుకుని.

"ఈ ట్రైనింగ్ ఎవడు చేశాడు?"

తమ్ముడు లేచాడు. లేవడానికి వాడికి పట్టేంత సేపూ అందరూ ఆగారు. "నేనే సార్. పాఠంలో పడ్డవి మా ఇంటి పాలు. తీసేద్దామనుకున్నా. ఈలోపు శుక్రవారం అయిపోయింది."

యజమాని ముఖం మాడిపోయింది. "నువ్వు ఇప్పుడే ఆరబెట్టే గదికి..."

నేను ఊరుకుంటానా? "ఏమయ్యా, ఆ ఫ్రేములో ఉన్న పేరు ఎవరిది? పాలు చూడాలని నొక్కి ప్యాసైంది మా వాడా, నువ్వా?" అన్నాను. ఆయన గోడ దగ్గరికెళ్లి ఫ్రేమును వెనక్కి తిప్పి పెట్టాడు.

"సర్లెండి, ముందు పాఠం సరిచెయ్యండి," అన్నాడు ఆఫీసరు.

"చెయ్యొచ్చు సార్," అన్నాడు తమ్ముడు. "కానీ పాఠం మారిస్తే సర్టిఫికెట్లన్నీ రద్దవుతాయి. అందరూ మళ్లీ ప్యాసయ్యేదాకా దుప్పట్లు ముట్టుకునేవాళ్లుండరు."

"మార్చడానికి ఎంత సేపు పడుతుంది?"

తమ్ముడు ఆలోచించాడు. ఆలోచిస్తూనే ఉన్నాడు. దుప్పట్లు లేని మంచాలన్నీ ఆఫీసరు కళ్ల ముందు కదిలాయి కాబోలు, "వద్దు, వద్దు! అలాగే ఉండనీ. ఆ గిన్నె మీద మూత పెట్టండి, చాలు," అని, దుప్పటి ఎలా మడిచారో చూద్దామని చెయ్యి చాచాడు.

సూపర్‌వైజరమ్మ అడ్డం వచ్చింది. "సర్టిఫికెట్ ఉందా సార్?"

ఆయన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. మూలలు అని నొక్కి, తప్పాడు.

తమ్ముడి కుర్చీ వాడికే మిగిలింది. వాణ్ణి తీసేస్తే కొత్తగా వచ్చినవాడు పాఠాన్ని ఎక్కడ కదిలిస్తాడోనని యజమానికి భయం. దగ్గు కూడా తగ్గింది. రెండో పాఠం ఉతికే మిషన్ మీదట, అదీ నేనే చెప్పాలట. పాలు దించాకే నోరు విప్పుతానని కబురంపాను. అయినా పాలు కాచడానికి గిన్నేదీ? ఆ రోజు మాడిన గిన్నె తమ్ముడి చేతికిచ్చాను. ఇంకా తోముతూనే ఉన్నాడు.